అనుకోని కొనుగోళ్లను అదుపు చేసి ఇంట్లో సామాను పేరుకుపోకుండా చూసుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఇల్లంతా సర్ది, అక్కర్లేనివన్నీ తీసేసిన కొద్ది నెలలకే అరలు మళ్లీ ఎందుకు నిండిపోతున్నాయని చాలామంది అడుగుతుంటారు. లోపం సర్దడంలో లేదు. సామాను బయటికి పంపే పని ఏడాదిలో ఒకటి రెండు సార్లు జరుగుతుంది. లోపలికి తెచ్చే పని వారంలోనే ఎన్నోసార్లు జరుగుతుంది. గుమ్మం దాటి లోపలికి వచ్చే వస్తువుల విషయంలో పద్ధతి మారనంత కాలం ఎంత సర్దినా ఫలితం నిలవదు.

కింది దశలను ఇచ్చిన వరుసలోనే పాటించండి. ముఖ్యంగా మొదటి నాలుగు దశలు పూర్తికాకుండా ఎలాంటి నియమమూ పెట్టుకోవద్దు. మన కొనుగోళ్లు ఎక్కడ అదుపు తప్పుతున్నాయో తెలియకుండా పెట్టుకున్న నియమం మన ఇంటికి సరిపడదు, కాబట్టి త్వరలోనే సడలిపోతుంది.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఒక నోటు పుస్తకం లేదా ఫోనులో ఒక నోట్స్ పేజీ (రెండూ వద్దు, ఏదో ఒకటే)
- కొలత టేపు
- ఇంట్లో ఇప్పటికే ఉన్న ఒక ఖాళీ పెట్టె
- గత మూడు నెలల బ్యాంకు, కార్డు లావాదేవీల వివరాలు
- ఆన్‌లైన్ దుకాణాలలోని మీ ఆర్డర్ల చరిత్ర
- ఎవరూ కదిలించని రెండు గంటల సమయం

ఈ పని కోసం కొత్తగా ఏదీ కొనకండి. సర్దుకోవడానికి మూతల డబ్బాలు, బుట్టలు, లెక్క రాసుకోవడానికి అందమైన పుస్తకం కావాలని మొదట్లోనే అనిపిస్తుంది. అది కూడా ఒక అనుకోని కొనుగోలే. పైగా డబ్బాలు సామానును తగ్గించవు. అవి దానిని కంటికి కనపడకుండా చేసి, ఇంకా చోటు ఉందన్న భ్రమ కలిగిస్తాయి.

2. గత మూడు నెలల కొనుగోళ్లను వెదికి చూడడం

ఆర్డర్ల చరిత్రను, కార్డు లావాదేవీలను ముందు పెట్టుకుని, వాడితే అయిపోయే నిత్యావసరాలను వదిలేసి, మిగిలిన ప్రతి వస్తువునూ ఒక్కొక్క వరుసలో రాయండి. తరువాత ఆ జాబితా చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగి, ప్రతి వస్తువూ ఇప్పుడు ఎక్కడ ఉందో కళ్లతో చూసి, దాని ఎదురుగా కింది నాలుగింటిలో ఒకటి రాయండి.

- తరచుగా వాడుతున్నాం
- ఒకటి రెండు సార్లు వాడి పక్కన పెట్టాం
- అసలు వాడలేదు
- ఇలాంటిది ఇంట్లో ముందే ఉంది

కూర్చున్న చోటు నుంచి జ్ఞాపకం మీద రాస్తే ఈ దశ వల్ల ప్రయోజనం ఉండదు. వాడుతున్నామని మనం నమ్మే వస్తువులలో కొన్ని ఇంకా కవరు కూడా విప్పకుండా ఉన్నాయని లేచి వెదికితేనే తెలుస్తుంది. ఖర్చు మొత్తం కూడి బాధపడడం ఈ దశ ఉద్దేశం కాదు. చివరి మూడు రకాలలో ఏ తరహా వస్తువులు మళ్లీ మళ్లీ వస్తున్నాయో గుర్తించడమే ఇక్కడ కావలసింది. సాధారణంగా సమస్య అన్నింటిలోనూ ఉండదు. బట్టలు, వంటింటి పరికరాలు, స్టేషనరీ, సౌందర్య సాధనాలు, ఫోను ఉపకరణాలు, చేతిపనుల సామగ్రి వంటి వాటిలో రెండు మూడు రకాల దగ్గరే అది పోగుపడి ఉంటుంది. తరువాతి నియమాలన్నీ ముందుగా ఆ రెండు మూడింటికే పెట్టుకోవాలి.

3. రెండు వారాల పరిశీలన

ఈ 14 రోజులు ఏ కొనుగోలునూ నిషేధించకండి. ఏదైనా కొనాలన్న కోరిక కలిగిన ప్రతిసారీ, కొన్నా కొనకపోయినా, ఈ వివరాలు రాయండి: సమయం, ఎక్కడ చూశారు, ఏ వస్తువు, దానికి ముందు ఏం చేస్తున్నారు, మనసు ఎలా ఉంది, కొన్నారా లేదా.

రెండు వారాలు ముగిసేసరికి వరుసలు వాటంతట అవే మాట్లాడతాయి. కొందరి కొనుగోళ్లన్నీ రాత్రి పడుకునే ముందు ఫోను చూస్తున్నప్పుడే జరుగుతాయి. కొందరికి పని ఒత్తిడి ముగిసిన వెంటనే, మరికొందరికి ఎవరితోనో మాట పట్టింపు వచ్చిన తరువాత, ఇంకొందరికి జీతం పడిన మొదటి రెండు రోజుల్లో.

అనుకోకుండా కొనడమంతా ఒకటే కాదని మార్కెటింగ్ పరిశోధకుడు హాకిన్స్ స్టెర్న్ 1962లో చేసిన విభజన ఇక్కడ బాగా ఉపకరిస్తుంది. మీ పట్టికలోని ప్రతి వరుస ఈ నాలుగింటిలో దేనికి చెందుతుందో పక్కన గుర్తు పెట్టుకోండి.

- పూర్తి ఆవేశం: ఏ ఆలోచనా లేకుండా, కొత్తదనం చూసి కొన్నది. దీనికి మందు మనఃస్థితిని గమనించడంలో ఉంది; 7వ దశ చూడండి.
- గుర్తు రావడం: వస్తువును చూడగానే, ఇంట్లో అయిపోయిందని జ్ఞాపకం వచ్చి కొన్నది. ఇందులో తప్పేమీ లేదు. అయిపోయినవి రాసుకునే జాబితా ఇంట్లో సరిగా నడవడం లేదని మాత్రం ఇది చెబుతుంది.
- సూచన: అంతవరకు ఆ వస్తువు ఉందనే తెలియదు, చూడగానే దాని అవసరం ఊహలోకి వచ్చింది. ఇంట్లో వాడకుండా మిగిలిపోయే పరికరాలలో చాలా భాగం ఇలా వచ్చినవే అని నా అభిప్రాయం. 6వ దశ ప్రధానంగా వీటి కోసమే.
- అవకాశం కోసం వెళ్లడం: ఏం కొనాలో తెలియకుండా, తగ్గింపు ఉంటే ఏదో ఒకటి తీసుకుందామని వెళ్లి కొన్నది. దీనికి ఒకే పరిష్కారం, జాబితా లేకుండా వెళ్లకపోవడం.

4. ఇంటి సామర్థ్యాన్ని కొలిచి హద్దు గీయడం

రెండవ దశలో బయటపడిన రెండు మూడు రకాల వస్తువులకు ఇంట్లో ఏ అర, ఏ సొరుగు, ఏ గూడు కేటాయించారో నిర్ణయించి, దాని పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి రాసుకోండి. ఆ చోటే ఆ రకానికి హద్దు. అది నిండితే ఆ రకం కొనుగోలు ఆగాలి. సామాను కోసం కొత్త అర ఏర్పాటు చేయకూడదు.

హద్దును అంచుల దాకా నింపవద్దు. సుమారు అయిదో వంతు ఖాళీగా ఉంటేనే ఒక వస్తువు తీయడానికి మరో నాలుగు కదిలించవలసిన అవసరం రాదు, తీసినది తిరిగి అక్కడే చేరుతుంది. చిందరవందర మొదలయ్యేది తిరిగి పెట్టడానికి చోటు చాలనప్పుడే.

తరువాత ప్రతి అరనూ తెరిచి ఫొటో తీసి, ఫోనులో ఒకే ఆల్బమ్‌లో పెట్టుకోండి. దుకాణంలో నిలబడి ఉన్నప్పుడు ఇంట్లో ఏముందో గుర్తు తెచ్చుకోవడం కష్టం. ఫొటో చూడడానికి కొన్ని క్షణాలు చాలు. ఉన్నదే మళ్లీ కొనడం చాలావరకు దీనితోనే ఆగిపోతుంది.

5. కొనడాన్ని కొంచెం కష్టం చేయడం

ఆన్‌లైన్ దుకాణాలు కోరికకూ చెల్లింపుకూ మధ్య దూరాన్ని వీలైనంత తగ్గించేలా రూపొందుతాయి. ఆ దూరాన్ని మనమే తిరిగి పెంచుకోవాలి. ఒకే పూట కూర్చుని ఇవన్నీ పూర్తి చేయండి.

- అన్ని యాప్‌లలో, బ్రౌజర్‌లో దాచి ఉంచిన కార్డు వివరాలు తొలగించండి.
- ఒక్క నొక్కుతో కొనే సౌకర్యాన్ని, తరువాత చెల్లించే సౌకర్యాన్ని ఆపివేయండి.
- దుకాణాల నోటిఫికేషన్లు, ప్రచార ఈమెయిళ్లు, సందేశాలు నిలిపివేయండి.
- మీ పట్టికలో తరచుగా కనిపించిన యాప్‌ను ఫోను నుంచి తీసేయండి. అవసరమైతే కంప్యూటర్‌లో లాగిన్ అయి కొనవచ్చు.
- సామాజిక మాధ్యమాలలో మీకు పదే పదే కోరిక కలిగించే ఖాతాలను అనుసరించడం మానండి.
- దుకాణానికి వెళ్లేటప్పుడు, వీలున్న చోట, జాబితాకు సరిపడా నగదు మాత్రమే తీసుకెళ్లండి.

చివరి అంశాన్ని తేలికగా తీసుకోవద్దు. డ్రేజన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగాలలో, క్రెడిట్ కార్డుతో చెల్లించవలసిన వారు అదే వస్తువుకు నగదు చెల్లించవలసిన వారికంటే ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. చేతిలోంచి నోటు పోతున్నప్పుడు కలిగే చిన్న బాధ మనకు మేలు చేసే బాధే.

వెబ్‌సైట్ల రూపకల్పనలోనే కొన్ని మాయలు ఉంటాయి. హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైన్ నిపుణుడు 2010లో వీటికి డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. ఇంకా పది నిమిషాలే ఉందంటూ వెనక్కి నడిచే గడియారం, రెండే మిగిలాయన్న హెచ్చరిక, మనం అడగకుండానే టిక్కు పెట్టి ఉన్న అదనపు సేవ, వద్దు అనడానికి సిగ్గుపడేలా రాసిన బటన్ వంటివి ఇందులోకే వస్తాయి. ఇవి కనిపించినప్పుడు పేజీ మూసి, మరునాడు తెరిచి చూడండి. గడియారం మళ్లీ మొదటి నుంచి నడుస్తుంటే ఆ తొందర నిజమైనది కాదని తేలిపోతుంది.

6. నిరీక్షణ జాబితా

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క దశనే పాటించగలిగే వీలుంటే దీనినే పాటించమంటాను. కొనాలనిపించిన ప్రతి వస్తువునూ వెంటనే కొనకుండా, వద్దని కొట్టివేయకుండా, తేదీ వేసి జాబితాలో రాయాలి. కోరికను అణచివేస్తే అది మరింత బలంగా తిరిగి వస్తుంది. రాసి పెట్టుకుంటే మనసు స్థిమితపడుతుంది, నిర్ణయం మాత్రం చల్లబడిన తరువాత జరుగుతుంది.

ఎంతకాలం ఆగాలన్న ప్రశ్నకు, ధర ఎక్కువైతే ఎక్కువ రోజులు, తక్కువైతే తక్కువ రోజులు అన్న సమాధానం ప్రచారంలో ఉంది. డబ్బు ఆదా చేయడానికి ఆ లెక్క సరిపోతుంది కానీ ఇంటిని తేలికగా ఉంచడానికి సరిపోదు. ఖరీదైన వస్తువు గురించి మనం ఎలాగూ ఆలోచిస్తాం. ఇంటిని నింపేవి ఏ విచారణా లేకుండా లోపలికి వచ్చే చవక వస్తువులే. అందువల్ల ధరను పక్కన పెట్టి, ఆ వస్తువు ఇంట్లో ఏం మార్పు తెస్తుందన్న దానిని బట్టి గడువు పెట్టండి.

- వాడితే అయిపోయేది, ఇంట్లో నిజంగా అయిపోయినది: ఆగనవసరం లేదు.
- పాడైన దాని స్థానంలో వచ్చేది: ఒక రోజు. ఆ రోజు బాగుచేయించే వీలుందా అని కనుక్కోవాలి, పాతది బయటికి వెళ్లాలి.
- ఇంట్లో వస్తువుల సంఖ్యను పెంచేది: 14 రోజులు.
- కొత్త చోటు, కొత్త బల్ల, తోడుగా మరికొన్ని వస్తువులు కోరేది: 30 రోజులు.

మందులు, భద్రతకు సంబంధించినవి, ఉద్యోగానికి లేదా చదువుకు గడువు లోపల తప్పనిసరిగా కావలసినవి ఈ నియమంలోకి రావు.

జాబితాలో వస్తువు పేరుతో పాటు మూడు వాక్యాలు రాయడం తప్పనిసరి. ఇది ఏ అరలో ఉంటుంది? ప్రస్తుతం ఈ పనిని ఏ వస్తువుతో చేసుకుంటున్నాం? వచ్చే వారంలో ఏ రోజు, ఏ పనికి దీనిని వాడతాం? మూడవ ప్రశ్నకు తేదీ రాయలేకపోతే, ఆ వస్తువు అవసరమన్నది ఇంకా ఊహగానే ఉందని అర్థం.

గడువు నడుస్తున్నప్పుడు ఆ వస్తువు గురించిన సమీక్షలు చదవడం, వీడియోలు చూడడం, ధరలు పోల్చడం పూర్తిగా మానాలి. చాలామంది తెలియకుండా చేసే పొరపాటు ఇదే: కొనకుండా ఆగారు కానీ రోజూ దాన్నే చూస్తూ కోరికను పెంచుకున్నారు. ఆ రోజులను వేరే విధంగా వాడండి. తెలిసినవారి దగ్గర అరువు తెచ్చుకుని వాడి చూడండి, అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోండి, ఉన్న వస్తువుతోనే ఆ పని ఎంతవరకు అవుతుందో ప్రయత్నించండి.

గడువు ముగిసిన రోజున జాబితా తెరవాలి. ఆ వస్తువు సంగతే మరచిపోయి ఉంటే గీత కొట్టేయండి. ఇంకా కావాలనే ఉంటే, కేటాయించిన అరలో చోటు ఉంటే, కొనండి. అపరాధ భావం అక్కర్లేదు, ఎందుకంటే ఇది ఇక అనుకోని కొనుగోలు కాదు. ఈలోగా ధర పెరిగితే ఆ పెరుగుదలను భరించడమే మంచిది. గీత కొట్టేసిన వస్తువుల వల్ల మిగిలినది దానికంటే చాలా ఎక్కువే ఉంటుంది.

7. ‘అయితే’ వాక్యాలు

ఇకపై అనవసరంగా కొనను అన్న సంకల్పం ఆ క్షణంలో గుర్తుకు రాదు. ఫలానా పరిస్థితి వస్తే ఫలానా పని చేస్తాను అని ముందే ముడివేసిన సంకల్పాలు ఆచరణలోకి రావడం తేలిక అని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించాడు. మీ పరిశీలన పట్టిక నుంచి మూడు పరిస్థితులు ఎంచుకుని, మూడే మూడు వాక్యాలు రాసుకోండి. ఉదాహరణకు:

- రాత్రి పడుకున్నాక ఫోనులో వస్తువులు చూడడం మొదలైతే, ఫోనును మరో గదిలో చార్జింగ్‌కు పెట్టి వస్తాను.
- పని ముగిసి అలసటగా ఉన్నప్పుడు ఏదైనా కొనాలనిపిస్తే, జాబితాలో రాసి పది నిమిషాలు నడిచి వస్తాను.
- దుకాణంలో జాబితాలో లేని వస్తువు చేతిలోకి వస్తే, దాని ఫొటో తీసుకుని తిరిగి అక్కడే పెడతాను.

8. దుకాణంలో

జాబితాలో వస్తువు పేరుతో పాటు ఎన్ని కావాలో కూడా రాయండి. ఆకలిగా, అలసటగా ఉన్నప్పుడు వెళ్లవద్దు. తోపుడు బండికి బదులు చేతి బుట్ట తీసుకోండి. బరువు చేతికి తెలుస్తుంది.

వస్తువును చేతిలో పట్టుకుని తిరగకండి. కేవలం తాకడం వల్లనే అది మనదన్న భావన పెరుగుతుందని జొవాన్ పెక్, సుజాన్ షూ 2009లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. బిల్లు వేయించే ముందు ఒక పక్కన నిలబడి బుట్టను జాబితాతో సరిచూసుకుని, లేనివి తీసేయండి. ఈ ఒక్క ఆగడం చాలా ఉపకరిస్తుంది.

9. తగ్గింపులు, ఉచితాలు

తగ్గింపు ధరను పాత ధరతో పోల్చకుండా, కొనకపోతే అయ్యే ఖర్చుతో, అంటే సున్నాతో పోల్చండి. తగ్గింపుల కాలానికి కనీసం 30 రోజుల ముందే జాబితాలోకి ఎక్కిన వస్తువులనే అప్పుడు కొనండి. రెండు కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు, ఆ మూడింటికీ అరలో చోటుందా అన్నది మొదటి ప్రశ్న. ఉచితంగా వచ్చే సంచులు, కప్పులు, నమూనా సీసాలు కూడా చోటు ఆక్రమిస్తాయి. వద్దని మర్యాదగా చెప్పడం అలవాటు చేసుకోండి.

10. వస్తువు ఇంటికి వచ్చిన రోజున

- రశీదును, తిరిగి ఇవ్వడానికి చివరి తేదీని నోట్స్‌లో రాయండి.
- కేటాయించిన అరలో పెట్టి చూసిన తరువాతే ట్యాగు తీయండి.
- అదే రకానికి చెందిన పాతది ఒకటి అదే రోజు ఖాళీ పెట్టెలో వేయండి.
- పెట్టె నిండగానే ఎవరికైనా ఇచ్చేయండి లేదా అమ్మేయండి. నిండిన పెట్టె ఇంట్లో నిలవ ఉండకూడదు.
- చోటు కుదరకపోతే గడువు లోపల తిరిగి ఇచ్చేయండి.

చొక్కా వస్తే చొక్కా వెళ్లాలి. చొక్కా వచ్చినప్పుడు పాత పెన్ను పారేసి లెక్క సరిపెట్టుకోవద్దు.

11. ఇంట్లో మిగతావారితో

ఇతరుల వస్తువుల జోలికి వెళ్లకండి, వారి కొనుగోళ్లకు కాపలా కాయకండి. నియమాలు మీ సొంత వస్తువులకు, అందరూ అంగీకరిస్తే ఉమ్మడి గదులకు మాత్రమే. తనకు చెప్పకుండా తన వస్తువు మాయమైందని తెలిసిన మనిషి మిగిలిన వాటిని మరింత గట్టిగా పట్టుకుంటాడు. పిల్లలు అడిగినవాటిని వారి చేతే తేదీ వేయించి గోడ మీది కాగితంలో రాయించండి. గడువు ముగిశాక ఇచ్చిన మాట తప్పకుండా నిలబెట్టుకోవాలి, లేకపోతే ఆ కాగితాన్ని వారు మళ్లీ నమ్మరు.

12. సాధారణంగా జరిగే పొరపాట్లు, సవరణలు

ఏడాదంతా ఏమీ కొనబోనని ప్రతిజ్ఞ చేయడం. ఒక్కసారి తప్పగానే మొత్తం వదిలేయాలనిపిస్తుంది. రెండు మూడు రకాలకే పరిమితమైన నియమాన్ని ఎంచుకోండి.

ఖాళీ చేసిన అరను మళ్లీ కొనడానికి అనుమతిగా భావించడం. సర్దిన తరువాత 30 రోజుల పాటు ఆ రకానికి చెందినవేవీ కొనవద్దు.

కావాలనుకున్న జీవితం కోసం కొనడం. చిత్రలేఖనం మొదలుపెట్టకముందే రంగుల పెట్టెలు, వ్యాయామం అలవాటు కాకముందే పరికరాలు వచ్చేస్తాయి. వీటిని వదులుకోవడం కష్టం, ఎందుకంటే వాటితో పాటు ఒక ఆశను కూడా వదులుకుంటున్నట్టు ఉంటుంది. అభ్యాసాన్ని అరువు తెచ్చిన సామగ్రితోనో, అతి తక్కువ సామగ్రితోనో మొదలుపెట్టి, ఒక నెల పాటు నిలకడగా సాగితే అప్పుడు కొనండి. ఆశ మీది గౌరవంతోనే ఈ మాట చెబుతున్నాను. మూలన పడి ఉన్న సామగ్రి ఆ ఆశను రోజూ నిందగా మారుస్తుంది.

డబ్బు పెట్టాం కదా అని ఉంచుకోవడం. ఆ డబ్బు కొన్న రోజే ఖర్చయింది. ఇప్పుడు ఉంచుకుంటే చోటు కూడా ఖర్చవుతుంది.

నియమం తప్పిన రోజున దాచిపెట్టడం. పట్టికలో రాయండి, తిరిగి ఇచ్చే గడువు చూడండి, ఏ పరిస్థితిలో తప్పిందో గమనించి దానికొక ‘అయితే’ వాక్యం చేర్చండి. అంతకు మించి శిక్ష అవసరం లేదు.

13. నెలకొకసారి అరగంట

- నిరీక్షణ జాబితాలో గడువు ముగిసినవి చూశానా?
- ఈ నెల వచ్చినవాటిలో ఇంకా విప్పనిది ఉందా?
- హద్దు దాటిన అర ఏది?
- తీసేసిన యాప్, కార్డు వివరాలు మళ్లీ ఫోనులోకి చేరాయా?
- అరల ఫొటోలు కొత్తవి తీశానా?

14. ఈ పద్ధతులతో ఆగకపోతే

కొన్న వస్తువులను ఇంట్లోవారికి కనపడకుండా దాచడం, కొనుగోళ్ల కోసం అప్పులు పెరగడం, కొనకపోతే తట్టుకోలేని ఆందోళన కలగడం, కొన్న వెంటనే తీవ్రమైన పశ్చాత్తాపంతో కుంగిపోయి మళ్లీ కొనడం వంటివి కనిపిస్తుంటే, దానిని క్రమశిక్షణ లోపంగా భావించి మరిన్ని నియమాలు పెట్టుకోవద్దు. మానసిక వైద్యుని గానీ, మనస్తత్వ నిపుణుని గానీ కలవండి. ఆలోచనా ధోరణిని, ప్రవర్తనను మార్చే చికిత్సా పద్ధతులు ఇందుకు ఉపకరిస్తాయి. వెళ్లేటప్పుడు రెండు వారాల పరిశీలన పట్టికను, మూడు నెలల లావాదేవీలను వెంట తీసుకెళ్లండి. మాటల్లో చెప్పడానికి బిడియపడే విషయాలను ఆ కాగితాలే చెబుతాయి, మొదటి కలయికలోనే సంభాషణ అసలు సమస్య మీదికి వస్తుంది.